చదవకుండా ఎత్తిన చెయ్యి

ఆ ఏడు వానాకాలంలో మా ఇల్లు రెండు ముక్కలు కాబోయిందంటే, అందరూ పాపం తుఫానుని అనుకుంటారు. తుఫాను ఏమీ చేయలేదు. నేను టైపు చేసిన ఒక్క లైను చేసింది ఆ పని.

మా దీవి సభకి నేను గుమాస్తాను. అప్పటికి పదకొండేళ్ల సర్వీసు. సభ అంటే ఏదో ఊహించుకునేరు. రేవు పక్కన పాత ఐసు గోడౌను మీద ఒక హాలు, హాల్లో పొడవాటి బల్ల, బల్లకి అటూ ఇటూ ఆరుగురు సభ్యులు, ఒక కొసన ప్రెసిడెంటు గారు, వెనక జనం కూర్చోవడానికి రెండు బెంచీలు. ఆ బెంచీల మీద జనం కంటే తడి గొడుగులే ఎక్కువగా కూర్చునేవి. నెలకి రెండు బుధవారాలు, మధ్యాహ్నం మూడింటికి సభ. కుళాయి నీళ్ల వేళలు, వీధి కుక్కలు, చెత్త పడవ, బడి పైకప్పు, రేవు చెక్కల మేకులు. తిప్పి తిప్పి ఇవే. నేను బల్లకి రెండో కొసన కూర్చుని అందరి మాటలూ రాయాలి. నేను మాత్రం మాట్లాడకూడదు, అది రూలు. వెనక బెంచీల వాళ్లకీ అదే రూలు. "మా ఆవిడకి సభలో దగ్గొస్తే మెట్లు దిగి దగ్గి రావాలి" అని మా ఆయన కనపడిన వాళ్లందరికీ చెప్పి నవ్వించేవాడు. ఆయన పంపుహౌసులో వాల్వులు తిప్పే మనిషి. రోజంతా మోటారు హోరులో ఉంటాడు కాబట్టి ఇంటికొచ్చాక మాటలు ఎక్కువ.

మే నెల ఆఖరి సభ. అజెండాలో పద్నాలుగు అంశాలు. పదకొండోది "వానాకాలం పడవ వేళలు: పోయినేడు లాగే." ఏటా అదే లైను. నాకు ముందున్న గుమాస్తా కూడా అదే కొట్టేవాడట. ప్రెసిడెంటు గారు చదివారు, ఆరు చేతులు లేచాయి, దిగాయి. నేను 'ఏకగ్రీవం' అని రాశాను. ఈగని తోలినంత సేపు కూడా పట్టలేదు. అప్పటికే అందరి మనసూ పన్నెండో అంశం మీద, అంటే కుక్కల మీద ఉంది. కుక్కల గురించి ముప్పావుగంట కొట్టుకున్నారు.

ఆ ఆరు చేతుల్లో సవరణ బాబాయి చెయ్యి కూడా ఉంది. ఆయన సంగతి కాస్త చెప్పాలి. రేవు వీధిలో గడియారాలు బాగుచేసే పెద్దాయన ఆయన. సభలో మూడో కుర్చీ. నేను రాసిన మినిట్స్‌ని ప్రతిసారీ కంటికి గడియారాల భూతద్దం తగిలించుకుని చదివి, "సవరణ ఉంది" అని లేచేవాడు. నాలుగున్నర కాదు, నాలుగూ నలభై. కోప్పడ్డారు కాదు, అడిగారు. పక్కవాళ్లని కూడా వదిలేవాడు కాదు. "చదివి ఎత్తండయ్యా, చెయ్యి మీదే కదా" అని దెప్పేవాడు. పదకొండేళ్లలో ఆయన సవరణ లేకుండా నా మినిట్స్ ఒక్కసారీ పాసవలేదు. ఆయన్ని లోపల ఎంత తిట్టుకున్నానో నాకే తెలుసు.

ఆ సాయంత్రం నేను ఇంటికెళ్ళేసరికి అత్తయ్య కుట్టుమిషను మీద ఉంది. బడి పిల్లల యూనిఫారాలన్నీ ఆవిడే కుడుతుంది. అప్పటికి నాలుగు నెలల కిందట ఆవిడ కిడ్నీలు రెండూ చేతులెత్తేశాయి. మంగళ, గురు, శనివారాలు అవతలి ఒడ్డున ఆసుపత్రిలో డయాలసిస్. ఏడున్నరకల్లా మంచం మీద ఉండాలి. ఆరు గంటల పడవెక్కితే ఏడింటికి అవతలి రేవు, అక్కణ్ణుంచి ఆటోలో పావుగంట. మంగళ, శనివారాలు నేను తోడు వెళ్లేదాన్ని, గురువారం ఆయన. వెళ్లొచ్చిన రోజు పడుకోవడం, మర్నాడు మళ్ళీ మిషనెక్కడం. అలా ఒక దారిలో పడ్డాం అనుకుంటున్నాం.

"ఏం తేల్చారే మీ మహాసభలో?" అంది అత్తయ్య, తల ఎత్తకుండానే.

"కుక్కల మెడకి పట్టీలు కట్టాలని తేల్చారు అత్తయ్యా."

"మంచిది. మనుషులకేమన్నా తేల్చారా?"

"మనుషులకేముంటుంది? నీళ్లూ, పడవలూ. పడవలు ఎప్పట్లాగే. పోయినేడు లా..."

పోయినేడు వానాకాలం మొదటి పడవ తొమ్మిదింటికి. అంతకు ముందేడూ తొమ్మిదింటికే. జూన్ పదిహేను నుంచి అక్టోబరు పదిహేను దాకా మా దీవికి ఆరు గంటల పడవ లేదు, ఎన్నేళ్లుగానో లేదు. పోయినేడు మా ఇంట్లో ఎవరికీ దానితో పని లేదు. పని లేని పడవ ఎన్నింటికి పోతే మనకేం? నా వేళ్లు అలవాటుగా ఆ లైను కొట్టేశాయి, అంతే.

అత్తయ్య మిషను ఆపింది. ఆవిడకి విడమరిచి చెప్పక్కర్లేదు.

"నువ్వే రాశావా?"

"నేనే రాశాను అత్తయ్యా."

ఆవిడ నన్ను చూసి, "చేతులు కాలాయి సరే. ఆకులు తర్వాత పట్టుకుందువుగానీ, ముందు టీ తాగు" అంది.

మా ఆయన వచ్చి ఆసుపత్రికి ఫోన్ చేశాడు. పొద్దుటి విడత తర్వాత ఇంకో విడత ఉందట, పన్నెండున్నరకి మొదలై నాలుగున్నరకి అయిపోతుంది. వానాకాలంలో అవతలి ఒడ్డు నుంచి ఆఖరి పడవ నాలుగింటికి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇక మిగిలింది ఒక్కటే దారి. అవతల ఆసుపత్రి దగ్గర ఒక గది అద్దెకి తీసుకుని నేనూ అత్తయ్యా నాలుగు నెలలు అక్కడుండాలి. నా ఉద్యోగం వదులుకోవాలి. ఆయన పంపు వదిలి రాలేడు, ఆయన తిప్పకపోతే ఊరికి నీళ్లు లేవు.

"నాలుగు నెలలే కదా" అన్నాడు ఆయన, గోడకి చెప్పినట్టు.

"నేను రాను" అంది అత్తయ్య.

"అమ్మా, మరి..."

"నాకీ మిషను కావాలి, ఈ కిటికీ కావాలి. సూదులు గుచ్చిన రోజు పడుకున్నా మర్నాడు లేచి నాలుగు చొక్కాలు కుడుతున్నాను కాబట్టి మనిషినన్న ధ్యాస ఉంది. అద్దెగదిలో గోడలు చూస్తూ కూర్చోడానికైతే ఆ గుచ్చుడే మానేస్తాను. హాయిగా పోతాను."

ఆవిడ నోటికి హాస్యం ఎక్కువ. కానీ ఆ మాట హాస్యానికి అనలేదని ముగ్గురికీ తెలుసు. మానేస్తే పది పన్నెండు రోజులకి మించి మనిషి ఉండదని డాక్టరు ముందే చెప్పాడు. నేను పెరట్లోకెళ్ళి, ఏడుపు వినపడకుండా కుళాయి తిప్పి ఏడ్చాను. అది నీళ్లు రాని పూట అని గుర్తు లేదు. ఇంట్లోకి అంతా వినపడింది.

మర్నాడు పొద్దున్నే ప్రెసిడెంటు గారి కొట్టుకి వెళ్లాను. ఆవిడకి రేవులో వలలకీ పడవలకీ తాళ్లు అమ్మే కొట్టు. నా మాట విని, కళ్లద్దాలు పెట్టుకుని, తాళ్ల చుట్టల మధ్య నుంచి రూల్సు పుస్తకం తీసింది.

"ఒకసారి ఓటైపోయింది ఆ సీజనులో మళ్ళీ ఎత్తకూడదమ్మా. ఒక్కటే మినహాయింపు. దానికి చెయ్యెత్తిన సభ్యుడే లేచి, నేను పొరపాటున ఎత్తాను, ఇదీ నా పొరపాటు అని చెప్పి వెనక్కి అడగాలి."

"మీరు అడగండి మేడమ్."

"నేనెక్కడ ఎత్తాను? అటు మూడు ఇటు మూడు అయితేనే నా చెయ్యి."

"ఇంతకు ముందు ఎవరైనా అడిగారా?"

"నేనొచ్చి పద్నాలుగేళ్లు. పొరపాటున ఎత్తానని మినిట్స్‌లో రాయించుకునే మొనగాణ్ణి నేనింకా చూడలేదు." ఆవిడ పుస్తకం మూసింది. "అడిగి చూడు. నువ్వు సభలో మాట్లాడకూడదు గానీ వీధిలో మాట్లాడకూడదని ఇందులో లేదు."

మొనగాడు ఎందుకు లేడో నాకు తెలుసు. మినిట్స్ కాపీ రేవు బోర్డు మీద అంటించేది నేనే. పడవ కోసం నిలబడ్డ వాళ్లకి అంతకంటే కాలక్షేపం లేదు. ఊరంతా చదువుతుంది, చదివి పేర్లు పెడుతుంది.

అయినా తిరిగాను. బేకరీ ఆయన "అయ్యో" అని, అత్తయ్యకి ఉప్పు లేని బిస్కెట్లు పొట్లం కట్టి ఇచ్చి, "నేనొక్కణ్ణే ఎత్తానా అమ్మా?" అన్నాడు. వడ్రంగి, "ఒక్కదానికి పొరపాటంటే ఇంక నేనెత్తినవన్నీ తవ్వుతారు" అన్నాడు. మిగతా ముగ్గురిదీ అదే వరస. చెడ్డవాళ్లు కాదు, అందరూ అయ్యో అన్నారు. అయ్యో అనడానికి మినిట్స్‌తో పని లేదు కదా.

ఇక మిగిలింది సవరణ బాబాయి. ఆయన్ని చివరికి ఎందుకు ఉంచానంటే, ఆయన ఒప్పుకుంటాడన్న ఆశ ఏ కోశానా లేక. ఇరవయ్యేళ్లుగా అందర్నీ చదవలేదని దెప్పిన మనిషి, నేను చదవలేదు అంటాడా?

కొట్టులో ఆయన ఒక గోడ గడియారం పొట్ట విప్పి కూర్చున్నాడు. నేను చెప్పింది మొత్తం, పట్టకారు కింద పెట్టకుండానే విన్నాడు.

"ఆ కాగితం ఉందా?"

సంచిలోంచి అజెండా తీసి ఇచ్చాను. భూతద్దంలోంచి పదకొండో అంశం చూశాడు. ఆ నాలుగు ముక్కలు చదవడానికి అంతసేపు ఎందుకో నాకు అర్థం కాలేదు.

"పోయినేడు వేళల కాగితం దీనికి జత చేశావా?"

"లేదు బాబాయ్ గారూ. ఎప్పుడూ చేయలేదు."

"నేను అడగలేదా, జత ఏదని?"

"లేదు బాబాయ్ గారూ. మీరూ అడగలేదు."

ఆయన అజెండా మడిచి నా చేతికిచ్చాడు. గడియారం మీదకి వంగాడు.

"వెళ్ళమ్మా. పని ఉంది."

అంతే. దారి పొడుగునా ఆయన్ని తిట్టుకుంటూ ఇంటికెళ్లాను. ఇనపగుండె ముసలాయన అన్నాను. ఇంకా చాలా అన్నాను, అవి రాయను. ఆ శనివారం అత్తయ్యని మంచం ఎక్కించాక, ఆవిడకి చెప్పకుండా ఆసుపత్రి వెనక సందులో ఒక గది చూసొచ్చాను. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. చెయ్యి చాపితే అందుతుంది. రాజీనామా కాగితం టైపు చేసి సంచిలో పెట్టుకున్నాను.

తర్వాతి సభ నాటికి వేళలు మారడానికి ఆరు రోజులున్నాయి. నేను మెట్లెక్కి హాల్లోకి వెళ్ళేసరికి వెనక బెంచీ మీద అత్తయ్య కూర్చుని చొక్కాలకి గుండీలు కుడుతోంది.

"మీరెందుకొచ్చారు అత్తయ్యా, మెట్లెక్కి?"

"మా కోడలు రోజూ ఏం రాస్తుందో చూద్దామని. నువ్వు మాట్లాడకూడదుగా, పో, నీ కుర్చీలో కూర్చో."

ప్రెసిడెంటు గారు పోయిన సభ మినిట్స్ ఆమోదానికి పెట్టారు. సవరణ బాబాయి లేచాడు. అందరూ వెనక్కి జేరబడ్డారు, బేకరీ ఆయన ఆవలించాడు.

"సవరణ ఉంది. చెత్త పడవ సోమవారం కాదు, మంగళవారం."

రాసుకున్నాను.

"బడి పైకప్పు కారేది రెండు చోట్ల కాదు. మూడు."

రాసుకున్నాను. ఆయన కూర్చోలేదు. భూతద్దం తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"పదకొండో అంశానికి నేను చెయ్యెత్తాను. చదవకుండా ఎత్తాను. పోయినేడు కాగితం ఏదని అడగాల్సింది, అడగలేదు. అది నా పొరపాటు. ఆ అంశం వెనక్కి అడుగుతున్నాను. రాసుకో అమ్మాయ్."

కూర్చున్నాడు. నా పెన్ను కదల్లేదు.

"రాసుకోమంటున్నాను" అన్నాడు ఆయన మళ్ళీ.

రాశాను. బేకరీ ఆయన "బాబాయ్, నువ్వా? చదవకుండానా?" అన్నాడు. "నేనే" అన్నాడు ఆయన, టైమెంతయిందంటే చెప్పినట్టు.

ప్రెసిడెంటు గారు అంశం మళ్ళీ తెరిచి, పడవ నడిపే సరంగుని కింద నుంచి పిలిపించారు. సరంగు తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"మేడమ్, నాకూ తెలుసు ఆ పెద్దమ్మ సంగతి. నాలుగు నెలలుగా నేనేగా దాటిస్తున్నాను. కానీ వానల్లో ఆరింటికి మబ్బు చీకటి, దానికి తోడు వాన తెర. రేవు చివర దీపం పోయి ఎన్నేళ్లయిందో. తొమ్మిదింటి దాకా ఆగేది నిద్ర చాలక కాదు, రేవు కొస కనపడక. ఆ చెక్కలకి పడవ తగిలితే ఆవిడతో పాటు మిగతావాళ్లూ పోతారు. దీపం పెట్టండి, నడుపుతాను."

దీపం కోసం అవతలి ఆఫీసుకి సభ నాలుగు ఉత్తరాలు రాసింది. నాలుగూ నేనే టైపు చేశాను. జవాబు ఒక్కదానికీ లేదు. ఆ సంగతి చెబుదామంటే నా నోటికి తాళం.

"అసలు అంత పొద్దున్నే వానలో ఎంతమంది ఎక్కుతారు?" అన్నాడు వడ్రంగి.

వెనక బెంచీ మీద అత్తయ్య, సూది పట్టుకున్న చేత్తోనే, ఒక వేలు ఎత్తింది.

వడ్రంగి తల తిప్పి చూసి, "మేడమ్, బెంచీల వాళ్లు మాట్లాడకూడదు" అన్నాడు.

"మాట్లాడలేదుగా. వేలెత్తింది. వేలెత్తకూడదని రూల్లో లేదు" అన్నారు ప్రెసిడెంటు గారు.

ఎవరో నవ్వారు. ఆ నవ్వులోనే సవరణ బాబాయి మళ్ళీ లేచాడు.

"దీపం స్తంభానికే ఉండాలా సరంగూ? మనిషి పట్టుకుని నిలబడితే నీకు కనపడదా?"

"కనపడుతుంది బాబాయ్. కానీ నాలుగు నెలలు, వారానికి మూడు పొద్దులు, ఆ వానలో ఎవరు నిలబడతారు?"

"చెయ్యెత్తిన వాళ్లు" అన్నాడు ఆయన. "ఎత్తిన చేతులు ఎలాగూ ఉన్నాయి. వాటికో దీపం తగిలిస్తే సరి. మొదటి పొద్దు నాది."

సభలో ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ముందు వడ్రంగే, "సరే, రెండోది నాకు రాయండి" అన్నాడు. బేకరీ ఆయన ఎలాగూ మూడింటికే లేస్తాను అన్నాడు. ప్రెసిడెంటు గారు తన వంతూ కలపమన్నారు. సరంగు ఒక్క షరతు పెట్టాడు. తుఫాను హెచ్చరిక ఉన్న రోజు ఎవరు చెప్పినా నడపడు. హెచ్చరిక ముందురోజే తెలుస్తుంది కాబట్టి, ఆ సాయంత్రమే పెద్దమ్మని దాటించేస్తాడు. ప్రెసిడెంటు గారు తీర్మానం మొత్తం రెండుసార్లు పైకి చదివించి అప్పుడు చేతులడిగారు. ఆరూ లేచాయి. 'ఏకగ్రీవం' అని రాస్తుంటే అక్షరాలు అలుక్కుపోయాయి. కన్నీళ్లు కాగితం మీద పడకుండా చూసుకోవడమే నాకు పెద్ద పనైంది.

సభ అయ్యాక మెట్ల మీద ఆయన్ని అందుకున్నాను. "బాబాయ్ గారూ, మీ రుణం..." అని మొదలుపెట్టాను.

"థాంక్స్ నాకెందుకమ్మా? సరంగుకి చెప్పు, తెల్లారకముందే నీళ్ల మీదికి వెళ్లేది వాడు" అని గొడుగు విప్పుకుని దిగిపోయాడు.

ఆ మినిట్స్ టైపు చేసేటప్పుడు నేనో తెలివితక్కువ పని చేశాను. రేవు బోర్డు మీద ఊరంతా చదువుతుందే, ఇరవయ్యేళ్ల పరువు కదా ఆయనది అని, ఆ మాట మెత్తగా మార్చేశాను. 'ఒక గౌరవ సభ్యుడు పునఃపరిశీలన కోరగా' అని రాశాను. పదకొండేళ్లలో ఆయనకి మేలు చేద్దామనుకోవడం అదే మొదటిసారి. చేస్తే ఊరుకుంటాడా?

"సవరణ ఉంది" అని లేచాడు తర్వాతి సభలో. "చదవకుండా ఎత్తాను, నా పొరపాటు అని అన్నాను. ఇందులో అది లేదు. గుమాస్తాకి నా మీద జాలి కలిగినట్టుంది. జాలి మనసులో ఉంచుకోవాలి, మినిట్స్‌లో అన్నదే రాయాలి."

నేను లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో తెలియదు, కాళ్లే లేచాయి. నోరు తెరవబోయి రూలు గుర్తొచ్చి ఆగాను. ప్రెసిడెంటు గారు నన్ను చూసి, గడియారం చూసి, "సభని రెండు నిమిషాలు ఆపుతున్నాను. ఇప్పుడిది సభ కాదు. చెప్పమ్మా" అన్నారు.

"ఆ లైను కొట్టింది నేను. నేనూ చదవలేదు. మా ఇంటి పడవని నా చేత్తో నేనే ఆపేశాను. బాబాయ్ గారి ఒక్కరి పొరపాటే బోర్డెక్కితే నాకు అన్నం సయించదు. నాది కూడా రాయండి." ఇంకా చెప్పాలనుకున్నాను. అందరికీ దణ్ణం పెట్టి ఆపేశాను.

"సభ కానప్పుడు అన్నది రాయడానికి వీల్లేదు" అన్నాడు సవరణ బాబాయి. నాకు ప్రాణం ఉసూరుమంది. ఆయన గొంతు సవరించుకున్నాడు. "కానీ సభ్యుడు అడిగితే గుమాస్తా జవాబు చెప్పొచ్చు. సభ మొదలుపెట్టండి మేడమ్, నేను అడుగుతాను."

సభ మొదలైంది. "పదకొండో అంశం టైపు చేసినవారు అది చదివారా?" అని అడిగాడు. "లేదు" అన్నాను. "రాసుకో" అన్నాడు. రాసుకున్నాను. పదకొండేళ్ల మినిట్స్‌లో నేనన్న మాట అదొక్కటే. అది చదివి ఊరు నన్ను ఓ వారం 'లేదు గారు' అని పిలిచింది. పిలవనీ అనుకున్నాను. ఆ వారం నా అంత తేలికైన మనిషి దీవి మీద లేదు.

ఆ సభకి కొన్ని రోజుల ముందే, జూన్ పదిహేనున మొదటి పొద్దు నాకు బాగా గుర్తు. వాన ఏకధారగా పడుతోంది. రేవు కొసన ఒక చేత్తో పెద్ద చార్జింగు లైటు, ఇంకో చేత్తో గొడుగు పట్టుకుని సవరణ బాబాయి నిలబడ్డాడు. మోకాళ్ల దాకా తడిసిపోయాడు. సరంగు ఆ వెలుగు చూసుకుని పడవని నెమ్మదిగా ఆనించాడు. అత్తయ్యని ఎక్కిస్తుంటే ఆయన వాచీ చూసి, "ఆరూ రెండు. లేటు" అన్నాడు. సరంగు తాడు విప్పేశాడు.

ఆ రోజు చూసి అత్తయ్య పాత టార్పాలిన్‌తో ఒక వానకోటు కుట్టింది. ఏడుగురికీ ఒకటే. కొలతలు ఎవరివీ తీసుకోలేదు. ప్రెసిడెంటు గారికి మోకాళ్ల పైకి ఉండేది, వడ్రంగి అందులో మునిగిపోయేవాడు, బేకరీ ఆయనకి గుండీలు పట్టేవి కావు. అయినా వంతు అయిపోగానే ఒకరి గుమ్మానికి ఒకరు తెచ్చి తగిలించి వెళ్లేవారు. ఒక్కసారి బేకరీ ఆయన పిండి కలుపుతూ మర్చిపోయాడు. సరంగు వీధి మొత్తం లేచేలా హారన్ కొడితే, మోచేతుల దాకా పిండితో లైటు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. ఆగస్టు వచ్చేసరికి ఆ పడవలో కూరగాయలు తెచ్చుకునే వాళ్లూ, కాలేజీ పిల్లలూ ఎక్కడం మొదలుపెట్టారు. లైటు ఉందిగా, మనమూ పోదాం అన్నారట.

ఆ నాలుగు నెలల్లో నేను వాళ్లెవరికీ సరిగ్గా థాంక్స్ చెప్పలేదు. చెప్పబోయిన ప్రతిసారీ అవతలివాళ్లు వాన గురించి మొదలుపెట్టేవారు.

సెప్టెంబరు ఆఖర్లో ఒక శనివారం. ప్రెసిడెంటు గారి వంతు. పడవ రేవు వదిలాక అత్తయ్య వెనక్కి తిరిగి కూర్చుంది. వానలో ఆ లైటు చిన్నదై చిన్నదై, చుక్కంత అయ్యేదాకా చూసింది. పక్కన నేను సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

"ఎన్ని పొద్దులయ్యాయే?"

"నలభై దాటాయి అత్తయ్యా."

"ఏడుగురు. సరంగుతో ఎనిమిది." వేళ్లు మడిచి లెక్కపెట్టింది. "గుచ్చుడు మానేస్తానన్నాను చూడు ఆ రోజు. బెదిరించడానికి అనలేదు. నిజంగానే అన్నాను."

"తెలుసు అత్తయ్యా."

"మొన్న మొన్నటి దాకా మనసులో ఉంది ఆ మాట. ఇప్పుడు తీసేశాను." తల మీద కొంగు సర్దుకుంది. "ఇంతమంది నిద్ర చెడగొట్టుకుని నన్ను పడవెక్కిస్తుంటే, మధ్యలో చచ్చిపోవడం మర్యాద కాదే."

నేను నవ్వబోయి ఏడ్చేశాను. సరంగు చూసి, పడవ ఊపుకి అనుకున్నాడేమో, ఇంజను నెమ్మది చేశాడు. అత్తయ్య నా చెయ్యి తన ఒళ్లోకి లాక్కుని అవతలి ఒడ్డు వచ్చేదాకా వదల్లేదు.

అత్తయ్య మాట మీద నిలబడే మనిషి. ఆ మర్యాద ఇంకో మూడు వానాకాలాలు పాటించింది.